వెనక వరసలో డాలు

మన మెకానిక్ జిరాక్స్ మిషన్లు బాగుచేస్తాడు. వయసు యాభైకి దగ్గరపడింది. తిరిగే ఆఫీసులు బోలెడు, అయినా ఎక్కడా ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. "కాయితం ఇరుక్కుంది, ఆయన్ని పిలవండి" అంటారు. ఆ ఆయన ఈయనే. మిషను పక్క తలుపు తీసి, రోలరు కింద ముడుచుకుపోయిన కాయితాన్ని చిరగకుండా బయటికి లాగడంలో ఆయనకు మంచి పేరుంది. అంతకు మించి ఇంకే విషయంలోనూ తనకు పేరు లేదని ఆయనే ఒప్పుకుంటాడు. ఈ కథ కూడా ఆయన చెప్పిందే. ఎక్కడైనా మిషను విప్పుకుని కూర్చున్నప్పుడు చుట్టూ నలుగురు చేరితే చాలు, మొదలుపెడతాడు. చెప్పిన ప్రతిసారీ ఈ కథలో ఆయన ఇంకాస్త వెర్రివాడవుతుంటాడు.

ఒక ఆఫీసువాళ్లు పాత కంప్యూటర్లు పారేస్తుంటే ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. విడిభాగాలు పనికొస్తాయన్నాడు. "పనికొస్తుంది" అన్న మాట పట్టుకుని ఆ ఇంట్లోకి వచ్చి చేరిన సామాను ఇంతా అంతా కాదు. ఆ మాట వింటేనే ఆయన భార్యకు ఒళ్లు మండుతుంది. హాల్లో మూలనున్న బల్ల మీద పెట్టి, పనిచేస్తోందో లేదో చూద్దామని స్విచ్చి వేశాడు. తెర మీద ఒక కోట, ఒక కత్తి ప్రత్యక్షమయ్యాయి.

ఎవరో ఉద్యోగి పని ఎగ్గొట్టి ఆడుకున్న ఆట అది. రాకాసులు, మంత్రాలు, గుహలు, నిధులు అన్నీ ఉన్నాయి. ఆట ఏ కాలం నాటిదో గానీ, అందులో మనుషులు ఇటుకలు పేర్చినట్టు నలుచదరంగా ఉన్నారు. డ్రాగన్ అని రాసి ఉన్న జంతువు గాలికి తిరగబడ్డ గొడుగులా ఉంది. ఇక సంగీతమంటారా, నూనె లేని రోలరు మూలిగినట్టుంది. మన మెకానిక్ పకపకా నవ్వుకుని, ఆపేద్దామనుకున్నాడు. అన్నం చల్లారిపోతోందని భార్య వచ్చి భుజం తట్టేసరికి ఆయన రెండో గుహలో ఉన్నాడు.

అందులో అంతగా ఏం నచ్చిందో మొదట్లో ఆయనకే అంతుపట్టలేదు. తర్వాత తెలిసింది. ఆ ఆటలో ఏ ఊళ్లోకి వెళ్లినా ఎవరో ఒక ముసలాయన ఎదురొచ్చి, "వీరుడా, నీ కోసమే ఎదురుచూస్తున్నాం" అంటాడు. బయట కూడా ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు, కాకపోతే వాళ్లు "ఇంత ఆలస్యమేమిటండీ" అంటారు. పైగా ఆ ఆటలో తొందర లేదు. మన వంతు వచ్చి మనం తేల్చుకునేదాకా రాకాసి గద ఎత్తి పట్టుకుని అలాగే నిలబడుతుంది. అంత మర్యాద ఆయన ఏ ఆఫీసులోనూ ఎరగడు. సాయంత్రం ఇంటికొచ్చి, వేళ్లకంటిన నల్లటి టోనరు పొడి కడుక్కుని ఆ బల్ల ముందు కూర్చుంటే ఆయనకు ప్రాణం లేచొచ్చేది. ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చి అని సిగ్గుపడుతూనే, "ఈ ఒక్క గుహ" అనుకునేవాడు.

ఇక్కడ అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ ఆస్పత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ వార్డులో అడుగుపెడితే రోగులు మూలగడం కూడా మానేసేవారట. పెళ్లికి ముందు మన మెకానిక్ మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు, ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, "జిరాక్స్ మిషన్లు బాగుచెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని అడిగింది. నిజంగా తెలియక అడిగిందో, ఎత్తిపొడిచిందో ఇప్పటికీ తేలలేదు. ఆయన మాత్రం ఆ మాటను ఇన్నేళ్లూ ఎక్కడా పారేసుకోకుండా భద్రంగా దాచుకున్నాడు. పనికొస్తుందనుకున్నానంటాడు.

మోకాళ్లకు ఆపరేషనయ్యాక ఆవిడ కూతురింటికి వచ్చింది. ఆవిడ ఉండే ఇల్లు పై అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఇక్కడ హాల్లో సోఫా మీద కూర్చుని, కాలు స్టూలు మీద చాపుకుని, టీవీ పెట్టుకునేది. ఒకే ఇంట్లో ఉంటూ అత్తా అల్లుడూ నేరుగా మాట్లాడుకునేవారు కాదు. "టీవీ కాస్త తగ్గిస్తే బాగుండు" అని ఆయన గోడతో అనేవాడు. "అల్లుడుగారికి తలనొప్పేమో కనుక్కో" అని ఆవిడ కూతురితో అనేది. మధ్యలో ఆ కూతురు పడ్డ అవస్థ ఎవరికీ రాకూడదు.

ఆట మొదట్లోనే నలుగురితో ఒక దళం కట్టుకుని, పేర్లు పెట్టుకోమంటుంది. ముందు వరసలో ఇద్దరు, వెనక వరసలో ఇద్దరు. దెబ్బలన్నీ ముందు వరసకే. మన మెకానిక్ క్షణం కూడా ఆలోచించలేదు. కత్తి పట్టుకుని ముందు నిలబడే యోధురాలికి 'అత్త' అని పేరు పెట్టాడు. ఆవిడ పక్కనున్న దొంగకు 'బావమరిది' అని పెట్టాడు. వెనక నిలబడి గాయాలకు మందు వేసే ఆమె 'భార్య'. తను మాంత్రికుడు. దళనాయకుడు కూడా తనే, ఎవరూ ఎన్నుకోకపోయినా.

భార్య ఒకరోజు కూరగాయల సంచితో లోపలికొస్తూ తెర వంక చూసింది. "నా వీపు మీద ఏమిటది?" అంది.

"దళం సామాను. మందులూ తాళ్లూ దివిటీలూ."

"అక్కడ కూడా సంచులు నేనేనా?" అని చేతిలో సంచి ఆయన ఒళ్లో పడేసి వెళ్లిపోయింది.

మొదటి గుహలో ఎలుకలు అత్త మీద పడ్డాయి. మన మెకానిక్ కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, హాయిగా చూద్దామనుకున్నాడు. అత్త ఒక్క వేటుకు అన్నింటినీ మట్టి కరిపించింది. సరే, తోడేళ్లు వస్తాయి కదా అనుకున్నాడు. తోడేళ్లు వచ్చాయి, పోయాయి. అస్థిపంజరాలు వచ్చాయి, వాటి ఎముకలు అవే ఏరుకోవాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి ఆయనకు ఏం జరుగుతోందో అర్థమైంది. తనకు అత్త అంటే అభిమానం పుట్టుకొస్తోంది. సాలెపురుగు ఒకటి తన మీదికి దూకబోతే, అత్త అడ్డంపడి దాని కాళ్లు నరికిన రోజున, ఆయన "శభాష్ అత్తయ్యా!" అని పైకే అనేసి, నాలుక కరుచుకుని, దగ్గాడు.

ఆ మర్నాడు అత్తగారి వాకరు కింద పడితే ఎవరూ చెప్పకుండానే లేచి తీసిచ్చాడు. ఆవిడ కనుబొమలు ఎగరేసింది. ఆయన సిగ్గుపడి, ఆ తర్వాత రెండు రోజులు కావాలని మొహం ముడుచుకుని తిరిగాడు. ఈ మధ్య టీవీ తగ్గించమని గోడతో చెప్పే పని కూడా పడటం లేదు. ఎందుకో ఆయనకు తట్టలేదు.

మూడో గుహలో వెండి డాలు దొరికింది. ఎంత దెబ్బనైనా సగానికి సగం ఆపేస్తుందది. మాంత్రికుడికి డాలుతో పనేముంది? వాడు వెనక వరసలో నిలబడి చేతులూపుతుంటాడు. అయినా నాయకుడు బతికుంటేనే కదా దళం అనుకుని తన చేతికే తగిలించుకున్నాడు.

ఆ వారంలోనే భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది. "తమ్ముడు వృద్ధాశ్రమంలో గది చూశాడు. వాడు పనిమీద ఎప్పుడూ ఊళ్లు తిరుగుతుంటాడు, వాడి దగ్గర కుదరదు. అమ్మ అక్కడికి వెళ్తానంటోంది. నేను ఉండమంటే ఉండదట. 'ఈ ఇంటాయన నోటితో ఒక్కసారి ఉండమంటే ఉంటాను, లేకపోతే ఆదివారం వెళ్తాను' అంది. ఒక్క మాట అనండి."

"చూద్దాంలే" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

అనాలని లేక కాదు. ఆవిడ వెళ్లిపోతుందంటే హాలు ఖాళీ అవుతుందన్న సంతోషం రావాలి, దాని కోసం ఆయన ఎదురుచూశాడు, అది రాలేదు. కానీ ఇన్నేళ్లు గోడతో మాట్లాడిన మనిషి, మొట్టమొదటి మాటగా "ఉండిపోండి" అని ఎలా అంటాడు? ఏదైనా చిన్న మాటతో మొదలుపెట్టాలి. మంచినీళ్లు కావాలా అని అడగాలి. అదీ అడగలేక ఆట ముందు కూర్చునేవాడు.

శనివారం సాయంత్రం దళం వంతెన దగ్గరికి చేరింది. వంతెన కింద నుంచి రాతిభూతం లేచింది. అత్త కత్తి దూసింది. అంతా బాగానే సాగుతోంది, ఇంతలో భూతం విసిరిన బండరాయి ఒకటి గురి తప్పి మాంత్రికుడికి తగిలింది. డాలు ఉన్నా వాడి ప్రాణం కళ్లలోకి వచ్చింది. మన మెకానిక్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. 'పారిపో' అన్నది నొక్కేశాడు.

ముగ్గురు పారిపోవాలంటే ముందు వరసలో ఒకరు నిలబడి అడ్డుకోవాలన్నది ఆ ఆట నియమం. ఆయన ఆ నియమం చదవలేదు. తెర మీద అక్షరాలు తాపీగా వచ్చాయి. 'ముగ్గురు తప్పించుకున్నారు. అత్త వంతెన మీదే నిలబడింది.' కాసేపటికి ఇంకో వాక్యం వచ్చింది. 'అత్త ఇక లేదు.'

ఆ ఆటలో పోయినవాళ్లు పోయినట్టే. ఎవరైనా పోగానే ఆట తనంతట తానే రాసిపెట్టేసుకుంటుంది. కరెంటు ఆపి మళ్లీ పెట్టినా లాభం లేదు. మన మెకానిక్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. "అయ్యో అత్తయ్యా, నన్ను క్షమించండి" అన్నాడు, పైకే.

"పోయానా?" అంది వెనక నుంచి ఒక గొంతు.

ఆయన గతుక్కుమన్నాడు. తిరిగి చూస్తే అత్తగారు సోఫాలో ముందుకు వంగి, కళ్లద్దాల మీదుగా తెర వంకే చూస్తోంది. టీవీలో బొమ్మ ఆడుతోంది, సౌండు లేదు. ఎన్నాళ్ల నుంచి లేదో దేవుడికెరుక.

"పోయారండీ" అన్నాడు.

"వంతెన వైపు వెళ్లొద్దని ఆ ముసలాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. చదవకుండా నొక్కేశారు."

"మీరు చూస్తున్నారా?"

"కాలు చాపుకుని కూర్చున్నదాన్ని, ఇంకేం చూడను? ఆ టీవీలో వాళ్లకంటే ఇందులో నేనే నయం." ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంది. "ఆ వెండి డాలు ఎవరి దగ్గరుంది?"

మన మెకానిక్ నీళ్లు నమిలాడు. "నా దగ్గరేనండీ."

"నువ్వెక్కడ నిలబడ్డావు?"

'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆ కంగారులోనూ ఆయనకది వినబడింది. "వెనక వరసలో."

"వెనకున్నవాడికి డాలెందుకయ్యా?"

ఊరందరి మిషన్లలో ఇరుక్కున్నది లాగిన మనిషి, తన గొంతులో ఇరుక్కున్న మాట లాగలేకపోయాడు. అత్తగారు ఇంకాసేపు చూసి, వాకరు పట్టుకుని లేచి, బట్టలు సర్దుకోవడానికి గదిలోకి వెళ్లింది.

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "ఆ పెట్టెలో మనిషి పోయిందని కళ్లు తుడుచుకుంటున్నారా? అసలు మనిషి పక్క గదిలో సంచులు సర్దుకుంటోంది. ఆ ఏడుపేదో అక్కడికెళ్లి ఏడవచ్చుగా" అంది. ఆమె అలా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు.

ఆదివారం పొద్దున్నే ఆయన మళ్లీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బుద్ధి రాలేదన్నమాట. ముందు వరసలో బావమరిది ఒక్కడే మిగిలాడు. వాడు దొంగ కాబట్టి ఎలుకను చూడగానే తన దారి తాను చూసుకున్నాడు. ఆ మొదటి గుహ ఎలుకలే వచ్చి, ఇన్ని రాజ్యాలు తిరిగిన దళనాయకుణ్ని డాలుతో సహా కొరికి చంపాయి. అత్త లేకపోతే తన వీరత్వం విలువ ఇంతేనని అప్పుడు తేలింది. నాయకుడు పోయాడు కాబట్టి 'కొత్త దళం కట్టుకుంటావా?' అని ఆట అడుగుతోంది.

అదే సమయానికి అసలు బావమరిది కారు తాళం వేలికి తిప్పుకుంటూ వచ్చాడు. "బావా, ట్రాఫిక్ లేదు, తొందరగా బయల్దేరితే మంచిది. అక్కడ తోట కూడా ఉందమ్మా" అన్నాడు. సంచులు రెండూ ఎత్తుకున్నాడు. అత్తగారు వాకరు టకటకలాడించుకుంటూ హాలు దాటింది. చూపు ముందుకే ఉంది. గుమ్మం దగ్గర కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుంది.

మన మెకానిక్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. మంచినీళ్లు కావాలా అని అడుగుదామనుకున్నాడు.

"వెళ్లకండి అత్తయ్యా" అన్నాడు.

అందరూ ఆగారు. అత్తగారు మెల్లగా, వాకరుతో సహా, ఇటు తిరిగింది. "ఎవరితో అంటున్నావు? ఆ పెట్టెలో అత్తతోనా, నాతోనా?"

"ఆవిడ పోయిందండీ. నేనే పోగొట్టుకున్నాను. మీతోనే అంటున్నాను. ఇక్కడే ఉండండి." అక్కడితో ఆగితే గౌరవంగా ఉండేది. ఆగలేదు. "డాలు మీకే ఇస్తాను" అన్నాడు.

"డాలేంటి బావా?" అన్నాడు బావమరిది, సంచులతో నోరు వెళ్లబెట్టి. భార్య గోడ వైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తర్వాత అడిగినా చెప్పలేదు.

అత్తగారు కళ్లద్దాలు సర్దుకుంది. తర్వాత కొడుకు వంక చూసి, "సంచులు లోపల పెట్టు" అంది. అల్లుడితో, "డాలు నాకెందుకు? ముందు నిలబడటానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. నన్ను వెనక పెట్టు. మందులిచ్చే పని నాకు చేతనవును. ముందు నువ్వు నిలబడు" అంది.

ఆ మధ్యాహ్నమే కొత్త దళం కట్టారు. అత్తగారు పక్కనే కుర్చీ వేయించుకుంది. కత్తి కావాలని భార్య వంటింట్లోంచి కేకేసింది, ఇచ్చేశారు. దళం సంచులన్నీ బావమరిది వీపుకెక్కాయి. అతను అప్పటికి వెళ్లిపోయాడు కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు లేరు. మన మెకానిక్ బతుకులో మొదటిసారి ముందు వరసలో, డాలైనా లేకుండా, మొదటి గుహలో అడుగుపెట్టాడు.

ఎలుక వచ్చింది. కరిచింది. ఆయన వేలు అలవాటు కొద్దీ 'పారిపో' వైపు వెళ్లింది.

"వెనక నేనున్నానుగా," అంది అత్తగారు, వార్డంతా వినబడే గొంతుతో. "నిలబడు."

ఆయన నిలబడ్డాడు. ఎలుక ఇంకోసారి కరిచింది.