సైకిల్ షెడ్డులో మధ్యాహ్నం బడి

తొంభైల మొదట్లో నేను యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో చపాతీలు చేసేదాన్ని. పొద్దున్నే లాలాపేటలో బయలుదేరి, తార్నాక దాటి, క్యాంపస్‌లోకి నడిచే వెళ్లేదాన్ని. మధ్యాహ్నం భోజనాలు అయిపోయి, బగోనెలు తోమి బోర్లించాక, రెండున్నర నుంచి నాలుగు దాకా మాకు పని ఉండేది కాదు. ఆ గంటన్నరలో మెస్ వెనక సైకిల్ షెడ్డులో మాకు చదువు చెప్పడానికి ఒక మేడం వచ్చేది. పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పే సర్కారు కార్యక్రమం అప్పట్లో జోరుగా నడుస్తుండేది. ఆమె అదే యూనివర్సిటీలో ఏదో పెద్ద చదువు చదువుతోంది. నాకంటే పదేళ్లు చిన్నది. మమ్మల్ని అక్కా అనేది, మేం మేడం అనేవాళ్లం.

నేను రెండో తరగతి సగంలో మానేసినదాన్ని. అక్షరాలు కొన్ని గుర్తుపట్టేదాన్ని గానీ, నాలుగు పక్కపక్కన నిలబడితే నోరు పెగిలేది కాదు. జ్ఞాపకం మాత్రం దండిగా ఉండేది. ఒకసారి విన్న కథ విన్నట్టే చెప్పేదాన్ని. ఎవరింటి పెళ్లిలో ఏ కూర మాడిందో ఇరవై ఏళ్ల తర్వాత అడిగినా చెప్పేదాన్ని. ఆ జ్ఞాపకమే నన్ను ముంచింది. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సర్కారు పంపిన వాచకాలు షెడ్డు మూలన సుతిలితో కట్టిన కట్టలోనే ఉండిపోయాయి. మొదటి రోజు మేడం ఆ కట్ట విప్పలేదు. మా ముందు గోనె సంచి మీద కూర్చుని, మీకేం నేర్చుకోవాలని ఉంది అని అడిగింది. ఎనిమిది మందిమి ఒకరి మొహాలు ఒకరం చూసుకుని నవ్వాం. మీరేది చెప్తే అదే మేడం అన్నాం. ఆమె ఒప్పుకోలేదు. మర్నాడూ అదే అడిగింది, ఆ మర్నాడూ అదే. నాకైతే కోపం వచ్చింది. ఏం వండాలో నన్ను ఎవరూ అడగలేదు, ఎవరిని చేసుకుంటావో అడగలేదు. ఇప్పుడీ పిల్ల వచ్చి నీకేం కావాలి అంటే, ఎక్కడని వెతుక్కోను?

నాలుగో రోజు మాలో పెద్దది నోరు విప్పింది. కూరగాయలు తరిగే ఆమె, మాకందరికీ అక్క. వాళ్లు కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవులు. తార్నాకలో చర్చి వెనక సందులో ఉండేవాళ్లు.

"మా పాటల పుస్తకం చదవాలమ్మా. అందరూ తెరుస్తారు, నేనూ తెరుస్తాను. ఏ పేజీయో నాకేం తెలుసు? పక్కామె ఎటు తిప్పితే అటు తిప్పుతాను," అంది.

అందరం విరగబడి నవ్వాం, అక్క కూడా నవ్వింది. మేడం మాత్రం నవ్వకుండా రేపు ఆ పుస్తకం పట్టుకురమ్మంది. ఆ తర్వాత తలా ఒకటి అడిగారు. ఒకామెకు బస్సు బోర్డులు కావాలి. ఇంకొకామెకు బిడ్డ మందు సీసాల మీద ఏముందో కావాలి. నా వంతు వచ్చేసరికి నా నోటి నుంచి నాకే తెలియని మాట వచ్చింది.

"రిజిస్టర్‌ల నా గురించి ఏం రాస్తున్నరో చదవాలె మేడం."

మెస్‌లో కౌంటరు పక్కన ఫిర్యాదుల రిజిస్టరు ఒకటి దారంతో వేలాడుతుండేది. తిండి బాగా లేకపోతే విద్యార్థులు అందులో రాసేవాళ్లు. సోమవారం పొద్దున మెస్ మేనేజరు మమ్మల్ని వరసగా నిలబెట్టి దాన్ని పైకి చదివేవాడు. చపాతీలు తోలు ముక్కలట, చేసే ఆడవాళ్లకు ఒళ్లు వంగదట, చేతులు శుభ్రం లేవట. ప్రతి సోమవారం తల దించుకుని వినేదాన్ని. ఎవరి బిడ్డలో గానీ ఇంతింత మాటలు ఎట్లా రాస్తారబ్బా అనుకునేదాన్ని.

మేడం మాకు ఎవరి పుస్తకం వాళ్లకు చేయించింది. పాత ప్రశ్నపత్రాల వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా, వాటిని మడిచి, బియ్యం సంచుల దారంతో దబ్బనం పెట్టి మేమే కుట్టుకున్నాం. మాకు కావలసిన మాట ఆమె బోర్డు మీద రాసేది, మేం అందులోకి ఎక్కించుకునేవాళ్లం. నా మొదటి మాట చపాతి. రెండోది పిండి. అక్క మొదటి మాట ప్రభువు. ఆ ఒత్తు కోసం వారం రోజులు కుస్తీ పట్టింది. ఒకరి మాట ఇంకొకరికి నేర్పేవాళ్లం. నాకు బస్సు బోర్డులు వచ్చింది అట్లాగే. వారాసిగూడ అని మొదటిసారి నా అంతట నేను చదివినప్పుడు కండక్టరుకు కూడా చెప్పాను. అయితే ఎక్కు మరి అన్నాడు.

అయిదు నెలలకు బల్లలు తుడుస్తూ తుడుస్తూ రిజిస్టరు తెరిచాను. ఆ వారం తెలుగులో రాసింది ఒక్కటే. నాలుగు రోజులు పట్టింది, రోజుకు రెండు మూడు మాటల చొప్పున. 'చపాతీలు వాసన వస్తున్నాయి. పిండి పాతది. సరుకు మార్చండి.' అంతే. ఒళ్లు వంగదన్న మాట లేదు, చేతుల మాట లేదు. ముందు పేజీల్లోని తెలుగు ముక్కలూ వెతికి చూశాను. ఎక్కడా లేదు. పిండి తెప్పించేది మేనేజరే. తన మీద రాసిన మాటలకు తనే తోకలు తగిలించి ఇన్నాళ్లూ మా నెత్తిన వేశాడన్నమాట.

నాకు ఏడుపు రాలేదు. పెన్సిలు తీసుకుని ఆ మూడు ముక్కల కింద నేనూ రాశాను. 'పిండి మేం తేలేదు. పురుగు ఏరి చేస్తున్నం.' నా జన్మలో ఎవరూ బోర్డు మీద రాసి చూపించకుండా రాసిన మొదటి మాటలు అవి. వాటిని నా పుస్తకంలో కూడా ఎక్కించుకున్నాను.

సోమవారం మేనేజరు రిజిస్టరు చదవలేదు. ఎవరు రాశారని అడిగాడు. ఎవరూ చెప్పలేదు. చదువు పేరుతో పనివాళ్లను ఎగదోస్తున్నారని పైన కాగితం పెట్టాడని తర్వాత తెలిసింది. పది రోజులకు మేడం ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. ఈ బడులను చూసే ఆఫీసు నుంచి సారు వస్తున్నాడట, మేమేం నేర్చుకున్నామో చూసి, ఈ బడి ఉంచాలో తీసెయ్యాలో రాస్తాడట. భయపడకండి, మీ మీ పుస్తకాలు చూపించండి, చాలు అంది.

ఆమె మాట వినుంటే బాగుండేది. మాకు నమ్మకం కుదరలేదు. సారు ముందు పిండి, ప్రభువు, మందు సీసా అని చదివితే దాన్ని చదువంటారా? వాచకం అడిగితే? ఆ ఆలోచన నాదే. మూలనున్న కట్టలోంచి ఒక వాచకం కొంగు కింద పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. ఆరో తరగతి చదివే నా బిడ్డ పైకి చదువుతుంటే, నేను బియ్యం చెరుగుతూ విన్నాను. రెండు సాయంత్రాల్లో పన్నెండు పాఠాలూ అక్షరం పొల్లుపోకుండా వచ్చేశాయి.

"అమ్మా, నువ్వు పుస్తకం దిక్కే చూస్తలేవు," అంది బిడ్డ.

"చూసుడెందుకే, నోటికే వచ్చినంక," అన్నాను.

గురువారం మధ్యాహ్నం సారు వచ్చాడు. చెడ్డవాడేం కాదు పాపం. చెమటలు కక్కుకుంటూ వచ్చాడు, సాయంత్రంలోగా మల్కాజ్‌గిరిలో ఇంకో బడి చూడాలట. మంచినీళ్లు తాగి, కుర్చీలో కూర్చుని, వాచకం అడిగి తీసుకున్నాడు. మేనేజరు షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేడం ఇంకా ఏదో చెప్పబోతుండగానే నేను లేచి ముందుకు పోయాను, ఎవరూ పిలవకుండానే.

ఆయన వాచకం మధ్యలో తెరిచి, పెన్నుతో ఒక వరుస చూపించి చదవమన్నాడు. దేవుడి మీద ఒట్టు, ఆ వరుస నేను చదవగలను. మెల్లగా, కూడబలుక్కుంటూ చదవగలను. కానీ గుమ్మంలో ఆ మనిషిని చూసేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. నోరు మాత్రం తెరుచుకుంది. నీళ్లు కాచి తాగాలి, కుండ మీద మూత పెట్టాలి అని గడగడా అప్పజెప్పేశాను. ఆయన చూపించింది పాడి ఆవుల పాఠం.

ఆయన కోప్పడలేదు. పేజీ తిప్పాడు. నా నోరు ఆగలేదు, కుండ పాఠం అయ్యాక దాని తర్వాతిది ఎత్తుకుంది. ఆయన వాచకం మూసి, చిన్నగా నవ్వి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

మేడం మొహంలో రక్తం లేదు. అయినా నెమ్మదిగానే అంది. "సార్, ఆమెకు చదవడం వచ్చు. ఆమె సొంత పుస్తకం ఒకసారి చూడండి. అక్కా, మీ పుస్తకం తియ్యండి."

నా పుస్తకం నేను కూర్చున్న గోనె సంచి కింద ఉంది. అందులో చివరి పేజీలో పిండి మాట, పురుగు మాట ఉన్నాయి. మేనేజరు చూస్తున్నాడు. మేమంతా టెంపరరీ, రేపటి నుంచి రావద్దంటే రావద్దు, అంతే.

"లేదు మేడం. నాకు ఏ పుస్తకమూ లేదు," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. అక్క వైపు తిరిగింది. అక్క నన్ను చూసి తనూ తల అడ్డంగా ఊపింది. వరసగా ఎనిమిది మందిమీ లేదన్నాం. ఎనిమిది పుస్తకాల మీద కూర్చుని ఎనిమిది మందిమి.

సారు వెళ్లిపోయాడు. నాలుగవుతోంది, సాయంత్రం పని మొదలుపెట్టాలి. లేచి గోనె సంచి దులిపాను, పుస్తకం మేడం కాళ్ల దగ్గర పడింది. ఆమె వంగి తీసి, దుమ్ము తుడిచి, నా చేతికిచ్చింది.

"జాగ్రత్తగా పెట్టుకోండి అక్కా," అంది. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

పదిహేను రోజులకు షెడ్డు తలుపుకు తాళం పడింది. సారు తన కాగితంలో ఏం రాశాడో మాకెవరూ చదివి వినిపించలేదు. అక్క నన్ను చదువు చెప్పమంది. కూర్చున్నాను గానీ, మేడంలా నాకు చేతకాలేదు. నేనన్నట్టు అను, మళ్లీ అను, ఇంకోసారి అను అని సతాయించాను. అక్క నాలుగు రోజులకే, పోనీలేమ్మా, నీకూ పనులున్నాయిగా అంది. మిగతా వాళ్లు అడగనేలేదు. నా ఉద్యోగం మాత్రం పోలేదు. పిండి కూడా మారలేదు. సోమవారాలు మళ్లీ మొదలయ్యాయి. ఏం రాసి ఉందో తెలిసి కూడా తల దించుకుని వినడం, తెలియకుండా వినడం కంటే కష్టం. అందుకని రిజిస్టరు వైపు చూడటమే మానేశాను. నా పుస్తకం కూడా తెరవలేదు. మళ్లీ అక్షరం పట్టింది చాలా ఏళ్ల తర్వాత, ఈ కాగితాల కోసమే.

మేడంను ఒక్కసారే చూశాను, రెండేళ్లకు, తార్నాక బస్టాపులో. నేను పక్కకు తప్పుకుందామనుకునేలోపే ఆమె చూసింది, నవ్వుతూ దగ్గరికి వచ్చింది. చిక్కిపోయింది. ఎక్కడో కాలేజీలో పాఠాలు చెబుతోందట. బిడ్డ ఎట్లా ఉంది, అక్క ఎట్లా ఉంది అని అడిగింది. మన్నించమని అడగాలని గొంతు దాకా వచ్చింది. అంతలో ఆమే అంది.

"ఇప్పుడేం చదువుతున్నారు అక్కా?"

"ఏం లేదు మేడం," అన్నాను.

షెడ్డులో ఆ రోజు చెప్పింది అబద్ధం. ఇది నిజం. ఆమె తల ఊపింది. బస్సు వస్తే ఎక్కింది. ఆ బస్సు ఎటు పోతుందో బోర్డు చూసి చదవాలని కూడా నాకు అనిపించలేదు.