జేబురుమాలు కింద

ఇప్పటికీ ఎవరైనా నా ఎదుట నిలబడి జేబులో చెయ్యి పెడితే గుండె దడదడలాడుతుంది. షార్జా ఖోర్ ఫక్కాన్‌లో నేను ఇంటి నర్సుగా చూసుకున్న ముసలాయన చలవే అది.

ఆయనకి కొడుకుల పేర్లు కూడా గుర్తుండేవి కావు. కానీ రోజూ పొద్దున్నే సొరుగులోంచి రెండు పిస్తోళ్లు తీసి, రెండు అరచేతుల్లో పెట్టుకుని తూచి చూడటం మాత్రం మర్చిపోలేదు. పెద్దది పెడితే పల్చటి కందూరా జేబు కిందికి లాగేస్తుంది. అందుకని ఎప్పుడూ చిన్నదే. దాని ఆకారం బయటికి కనపడకుండా పైన మడతపెట్టిన జేబురుమాలు కప్పేవాడు. ఆ పొడుగు చొక్కా సర్దేటప్పుడు జేబు వైపు చెయ్యి పోనిచ్చేదాన్ని కాదు.

"భయపడకు సిస్టర్, కొడుకు గోలీలు తీసేసిండు," అనేవాడు వాళ్ల కరీంనగర్ డ్రైవరన్న.

ఒక మధ్యాహ్నం మాత్రలు పట్టుకెళ్తే ముసలాయన నన్ను గుర్తుపట్టలేదు. ఎవరు నువ్వని అరబ్బీలో అరుస్తూ చెయ్యి జేబులోకి పోనిచ్చాడు. "బాబా, దవా..." అంటూ మాత్రలు ముందుకు చాపాను. యేసయ్యా అనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన చేతిలో రుమాలు ఉంది.

"చెమట తుడుచుకో, బింతీ," అన్నాడు మెత్తగా. బింతీ అంటే నా కూతురా అని.

సాయంత్రం వాళ్లబ్బాయికి చెప్పాను. ఆయన నవ్వేశాడు.

"నాన్న పెట్టుకునేది పెద్దదే కదా సిస్టర్. దాని తూటాలు నేనే తీసేశాను."

"ఆయన పెట్టుకునేది చిన్నది సార్," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఇద్దరం గదిలోకి తొంగిచూశాం. ముసలాయన జేబులో చెయ్యి పెట్టుకునే నిద్రపోతున్నాడు.