కొట్టి చూసి వేసే అడుగు

గురువారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు భూపాలపల్లి దవాఖానలో మా చదరంగం సార్ కన్నుమూశారు. గుండెపోటు. మరో మూడు రోజుల్లో రాష్ట్ర పోటీలో ఆయన ఆడాలి.

సార్ బొగ్గుగని కార్మికుడు. గనిలో కప్పు కూలుతుందేమోనని పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విన్నాకే ముందుకు కదిలేవారు. రిటైరయ్యాక క్వార్టర్ వరండాలో నాలాంటివాళ్లకు ఆట నేర్పారు. ఎత్తు వేసే ముందు బల్లను గోటితో రెండుసార్లు కొట్టేవారు. విలేకరినైన నేను తొందరపడితే, "చప్పుడు ఇనకుండ అడుగెయ్యకు బిడ్డా. పేపర్ల తప్పు రాస్తే రేపు దిద్దుకుంటవ్. గీడ పావు ముట్టుకుంటే ఆడాల్సిందే" అనేవారు. వార్త పంపే ముందు నా వేలు ఇప్పటికీ బల్లను తడుతుంది. చాలా తప్పులు అక్కడే ఆగాయి.

పోయిన నెల మహబూబాబాద్‌లో మూడు జిల్లాల ఎంపిక పోటీ. చివరి ఆటలో ఎదుట జనగామ ధాన్యం వ్యాపారి. డ్రా అయితే చాలు, అరవై ఆరేళ్ల సార్‌కు రాష్ట్ర పోటీకి వెళ్లే జట్టులో మొదటిసారి చోటు. నల్లపావులతో సిసిలియన్ డిఫెన్స్ అనే ఎత్తుగడ ఆడారు. పేరుకే రక్షణ, ఇద్దరి రాజులకూ ప్రమాదమే.

పదో ఎత్తు దగ్గర వ్యాపారి, ఆట నిర్ణేత అయిన ఆర్బిటర్‌ను పిలుస్తూ చెయ్యెత్తాడు. "సార్, ఈ పెద్దమనిషి టక్కుటక్కుమని కొడుతుండు. నా దిమాక్ పనిచేస్తలేదు."

మళ్లీ చప్పుడైతే ఓడినట్టేనని ఆర్బిటర్ హెచ్చరించాడు.

సార్ కుడిచెయ్యి తొడ కింద పెట్టుకున్నారు. వ్యాపారి బంట్లు ఆయన రాజు మీదికి వస్తున్నాయి. సార్ గడియారంలో నాలుగు నిమిషాలే ఉన్నాయి. చెయ్యి రెండుసార్లు బల్ల అంచుదాకా వెళ్లి ఆగింది. మూడోసారి మోకాలి మీద తట్టుకున్నారు. చప్పుడు రాలేదు. ఎక్కువ విలువైన ఏనుగును వదులుకొని గుర్రాన్ని తీసేశారు. దాడి ఆగింది. నలభై మూడో ఎత్తుకు డ్రా.

బయట చాయ్ దగ్గర వ్యాపారి అడిగాడు: "ఏనుగునిచ్చి గుర్రం తీసుకుంటరా అన్నా? నా దుకాణంల గిట్ల బేరం చేస్తే దివాలే."

"కప్పు కూలేటట్టుంటే సామాన్ చూసుకుంటమా తమ్మీ?" అన్నారు సార్.

శుక్రవారం ఆ వ్యాపారి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, పెద్దాయన గట్ల ఎందుకు కొట్టేటోడు?"

గని సంగతి చెప్పాను. "నాకు తెల్వకపాయె" అన్నాడు.

జట్టులో రిజర్వ్ ఆటగాడు అతనే, సార్ చోటు అతనికి వచ్చింది. ఆదివారం ఉదయం పది గంటలకు, జనగామలో మొదటి రౌండ్. సార్‌కు కేటాయించిన నాలుగో బోర్డు ముందు, నల్లపావుల వైపు అతను కూర్చుంటాడు. సిసిలియనే ఆడతానన్నాడు.