సుందరి మరిచిపోని చప్పుడు

పెంటపాడు దగ్గర ఒక ఊళ్లో అచ్చాయమ్మ మొండితనం తెలియనివాళ్లు లేరు. ఆమె ఒకసారి ఊహూ అందంటే కాలవ నీళ్లయినా వెనక్కి మళ్లుతాయేమో గానీ ఆమె మళ్లదు. అలాంటి మనిషితో ఇన్నేళ్లు ఒక్క మాటా పెంచుకోకుండా కాపురం చేసిన గంగాధరరావు, ఈ ఏడు దాళవా పంట కోతలవగానే గుండె ఆగి పోయాడు. పొలం పని కొడుకు బుల్లిరాజు చూసుకుంటున్నాడు. అచ్చాయమ్మకు తనదంటూ మిగిలింది సుందరి ఒక్కటే.

సుందరి అంటే గేదె. దూడ పుట్టిన నెలకే పోయింది. దూడ లేని గేదె చేపడం, అంటే పొదుగులోకి పాలు దించడం, అంత తేలిక కాదు. అయినా అచ్చాయమ్మ బకెట్టు పెట్టుకుని కూర్చుంటే చాలు, సుందరి కళ్లు అరమోడ్చి ధారలు విడిచేది.

మైల రోజుల్లో ఆమె పాకలోకి వెళ్లలేదు. పక్కింటివాళ్లు తంటాలు పడి తీస్తే చెంబెడు వచ్చేవి. పదోరోజు తంతు ముగిశాక అచ్చాయమ్మే వెళ్లి కూర్చుంది. సుందరి ఆమె చేతులు వాసన చూసింది, నాకింది, కానీ చేపలేదు. మర్నాడూ అంతే.

"ఆయన కోసం బెంగెట్టుకుందండీ పాపం" అని ఊరంతా తేల్చేసింది. బుల్లిరాజు ఆ మాట నమ్మి తండ్రి తువ్వాలు తెచ్చి గుంజకు కట్టాడు. సుందరి దాన్ని సగం నమిలి మింగేసింది. పశువుల డాక్టరు వచ్చి రోగమేమీ లేదన్నాడు.

"చేపడానికి సూది వేయిద్దామమ్మా. లేదంటే రేపు బేరగాడొస్తానన్నాడు, ఇచ్చేద్దాం" అన్నాడు బుల్లిరాజు.

"సూదీ వద్దు, బేరగాడూ వద్దు. నా చేతికి చేపిన గేదె మళ్లీ నా చేతికే చేపుతుంది."

పైకి అలా అంది గానీ లోపల భయంగానే ఉంది. సుందరి కూడా వెళ్లిపోతే తెల్లారి తాను ఎందుకు లేవాలో ఆమెకు తెలియలేదు.

ఆ సాయంత్రం కోడలు సత్యవేణి ఉంగుటూరులో సీమంతానికి వెళ్లి, రెండు చేతులకీ నిండా మట్టిగాజులు వేయించుకుని వచ్చింది. వస్తూనే పాక పక్కన కూర్చుని పాల బకెట్టు తోమడం మొదలుపెట్టింది. గాజులు బకెట్టు అంచుకు తగులుతూ గలగలమన్నాయి. సుందరి మేత మానేసి చెవులు అటు తిప్పింది. అచ్చాయమ్మ చూస్తుండగానే పొదుగు నిండి, చన్నుల నుంచి పాలు వాటంతటవే కారాయి.

అచ్చాయమ్మ తన చేతుల వంక చూసుకుంది. పదోరోజున గాజులు పగలగొట్టించిన బోసి చేతులు. ఇన్నేళ్లుగా పాలు తీసినంతసేపూ బకెట్టుకు తగిలిన చప్పుడు ఆ గాజులదే. దూడ పోయినా సుందరికి ధైర్యం చెప్పింది ఆ చప్పుడే.

బుల్లిరాజు ఉత్సాహంగా భార్య గాజుల మోత ఫోనులో రికార్డు చేసి పొదుగు దగ్గర పెట్టాడు. సుందరి ఒక్క తన్ను తన్నింది. ఫోను పేడలో పడింది.

"అమ్మాయీ, ఆ గాజులిలా ఇవ్వు" అంది అచ్చాయమ్మ.

సత్యవేణి చేతులు వెనక్కి లాక్కుంది. "అత్తయ్యా, ఊళ్లో ఏమనుకుంటారండీ?"

"అనుకోవడం వాళ్ల పని. పాలు తీయడం నా పని."

గాజులు ఆమె చేతికి బిగువు. సబ్బు రాసి ఎక్కిస్తుంటే ఒకటి విరిగి చెయ్యి గీరుకుంది. మిగతావి ఎక్కాయి. కూర్చుని లాగగానే బకెట్టులో నురగ లేచింది. అచ్చాయమ్మ సుందరి డొక్కకు తల ఆనించి ఏడ్చింది. గాజులు పోయిననాటి నుంచీ ఎవరివో చేతులు అతికించుకుని తిరిగినట్టనిపించింది. ఇప్పుడవి మళ్లీ తనవయ్యాయి.

మర్నాడు బేరగాణ్ణి గుమ్మంలోంచే పంపించేసింది.

పదోరోజుకని వచ్చి ఇంకా ఉన్న ఆడపడుచు సీతారావమ్మ చెవిలో చెప్పింది. "పాకలో వేసుకో వదినా, బయటికొచ్చేటప్పుడు తీసెయ్యి. నోరులేని జీవం కోసమంటే ఎవరూ ఏమనరు."

అచ్చాయమ్మ ఆ మాట విన్నది. కొన్నాళ్లు పూటపూటా వేయడం, తీయడం. చేతులు పుండ్లు పడ్డాయి. ఒకరోజు పొద్దున పాలు తీశాక సబ్బుకోసం చెయ్యి చాచి, ఆగింది. లేచి క్యాను అందుకుని పాలకేంద్రానికి బయల్దేరింది.

సీతారావమ్మ అరుగు మీంచి కంగారుగా పిలిచింది. "వదినా! గాజులు తీయడం మర్చిపోయావు."

"మర్చిపోలేదు సీతా. పాకలో సుందరి కోసం వేసుకున్నాను. ఇప్పుడు నా కోసం ఉంచుకున్నాను."