నవ్వులు తీసేసిన ఎపిసోడ్

మొన్న అబిడ్స్‌లో కళ్ళజోడుకి కొత్త ఫ్రేము వేయించుకుని బయటికి రాగానే వాన పట్టుకుంది. పక్కనున్న బట్టల దుకాణం చూరు కింద నిలబడ్డాను. నా ముందు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఒకే ఫోను మీదికి వంగి ఏదో చూస్తున్నారు. తడిసిన మట్టి వాసన, ఎదురుగా బేకరీ నుంచి వస్తున్న ఉస్మానియా బిస్కెట్ల వాసన, వాటి మధ్య ఆ ఫోనులోంచి ఒక్కసారిగా గుంపు నవ్వు వినిపించింది. అందరి నవ్వూ ఆగిపోయాక ఒక ఆడమనిషి నవ్వు మాత్రం ఇంకొంచెం సాగి, సన్నటి దగ్గుతో ముగిసింది. అది వకుళ గారి నవ్వు. ఆవిడ పోయి ఏడాది దాటింది.

అమ్మాయిలు చూస్తున్నది 'పక్కవాటా' సీరియల్లోని గ్యాస్ బండ ఎపిసోడ్. వాళ్ళు పుట్టకముందు వచ్చిన సీరియల్ అది. ఒకే ఇంట్లో నాలుగు వాటాల్లో కిరాయికుండే కుటుంబాల కథ. రాసిందీ, తీసిందీ, దగ్గర కూర్చుని ఎడిటింగ్ చేయించిందీ వకుళ గారే. ఆవిడ దగ్గర నేను సహాయకురాలిగా చేరేనాటికి నాకు ఎడిటింగ్ అంటే ఏమిటో తెలియదు. మా నాన్న ఉస్మాన్‌గంజ్‌లో మూటలు మోసేవాడు. మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి నాంపల్లిలో స్టేషను వెనక గల్లీలో ఒక గది కిరాయికి తీసుకున్నాం. కోఠీలో డిగ్రీ చదివి, టైపు నేర్చుకుని, ఏదో ఆఫీసు ఉద్యోగమనుకుని అబిడ్స్‌లో వకుళ గారి ఆఫీసు మెట్లెక్కాను. ఆవిడ నా సర్టిఫికెట్లు పక్కన పెట్టేసి, టీవీలో ఒక సీను వేసి చూపించి, "ఎక్కడ విసుగొచ్చింది?" అని అడిగారు. భయపడుతూనే చెప్పాను. "నాకూ అక్కడే వచ్చింది. రేపటినుంచి రా అమ్మాయ్" అన్నారు.

వకుళ గారి నాన్నగారు 1956లో రాష్ట్రం ఏర్పడినప్పుడు గుడివాడ నుంచి ప్రభుత్వోద్యోగం మీద వచ్చి గన్‌ఫౌండ్రీలో స్థిరపడ్డారట. ఆవిడ ఆ ఇంట్లోనే పుట్టి, పెళ్ళి మాట ఎత్తకుండా అక్కడే ఉండిపోయారు. పొట్టిగా, ఎప్పుడూ నూలు చీరలో, చెవి వెనక పెన్సిల్‌తో ఉండేవారు. కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది. ఆవిడ గుసగుసలాడినట్టు మాట్లాడితే ఆఫీసంతా జాగ్రత్తపడేది.

ఆ రోజుల్లో హాస్యం సీరియల్ అంటే వెనక నవ్వులుండాలని చానల్ వాళ్ళ పట్టుదల. ఎక్కడ నవ్వాలో జనానికి తెలియాలిగా అనేవారు. కొన్న నవ్వుల టేపు వింటే ఏదో దేశంలో ఎవరో నవ్వినట్టుంది. అందుకని ఒక ఆదివారం ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి మా నవ్వులే రికార్డు చేశారు. నవ్వండి అంటే ఎవరికీ నవ్వు రాలేదు. చివరికి లెక్కలు చూసే మూర్తిగారు గొంతు సవరించుకుని చాలా గంభీరంగా "హహ" అన్నారు. దానికి అందరం పడీపడీ నవ్వాం, వకుళ గారి నవ్వు అందరికంటే చివర దగ్గుతో ఆగింది. ఆ నవ్వే తర్వాత ఆ సీరియల్ నిండా వినిపించింది. టేపు మీది నవ్వుల్ని కోసి మాటల పక్కన అతికించడం నా మొదటి పని. మాటలు ఒక ట్రాకు మీద, నవ్వులు రెండో ట్రాకు మీద ఉండేవి.

గ్యాస్ బండ కథ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పేరు లేకుండా ఒక నిండు సిలిండరు ఆ ఇంటి గేటు దగ్గర దిగుతుంది. నాలుగు వాటాల వాళ్ళూ నాదంటే నాదని కొట్లాడుకుంటారు. వాచ్‌మన్ భార్య యాదమ్మ వెళ్ళి ఆ బండ మీద కూర్చుని అంటుంది, "గీ బండ మీది గాదు, మాది గాదు. ఎవరింట్ల పొయ్యి ఆరిపోయిందో గాళ్ళది." ఆ వారం తర్వాత సిటీ బస్సుల్లో, ఆఫీసుల్లో, పెళ్ళిళ్ళలో అందరి నోటా అదే మాట. వకుళ గారి పేరు తెలియనివాళ్ళకు కూడా ఆ బండ తెలుసు.

దానికి నవ్వులు అతికించిన రోజు నాకు బాగా గుర్తు. చానల్ నుంచి వచ్చినాయన నా పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నాడు. యాదమ్మ "గీ బండ" అనగానే నవ్వు పెట్టమన్నాడు. "మాటింకా కాలేదు గద సార్" అన్నాను. "ఆ యాసకే నవ్వుతారమ్మా, తర్వాత మాటలు ఎవరిక్కావాలి" అన్నాడు. పెట్టాను. ఆయన వెళ్ళిపోయాక కూడా నేను కుర్చీలోంచి లేవలేదు. వకుళ గారు వచ్చి ఏమైందని అడిగారు.

"ఏం లేదు మేడమ్. మా అమ్మ గట్లనే మాట్లాడ్తది."

ఆవిడ చెవి వెనక పెన్సిల్ తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "నేను రాసినప్పుడు ఆ ఇంట్లో బుద్ధున్న మనిషి ఆమె ఒక్కతే అనుకుని రాశాను" అన్నారు చివరికి. "అది కనబడకుండా చేశామన్నమాట."

ఆ తర్వాత కొన్ని వారాలకు ఫోను ఎపిసోడ్ రాశారు. దాని పేరు చెబితే ఇప్పటికీ ఎవరికీ గుర్తు రాదు. యాదమ్మ కూతురు నిజామాబాద్ దవాఖానలో కాన్పుకి చేరుతుంది. కబురు రావలసిన ఫోను మేడ మీది వాటాలో ఉంది, యాదమ్మ వెళ్ళి దాని పక్కన కూర్చుంటుంది. ఆ ఇంటి భార్యాభర్తలు మ్యాట్నీకి టిక్కెట్లు కొనుక్కుని ఉన్నారు. వెళ్ళాలని వాళ్ళకుంటుంది, చెప్పడానికి నోరు రాదు. వాళ్ళకేదో పని ఉందని యాదమ్మకి తెలుస్తూనే ఉంటుంది, లేవడానికి కాళ్ళు రావు. భర్త మాటిమాటికీ ఒక్కో చొక్కా మార్చుకుని గదిలోకి వచ్చి గోడ గడియారం చూసి వెళ్ళిపోతుంటాడు. ఫోను మోగుతుంది. రాంగ్ నంబరు. ఎవరో ముసలాయన కొడుకు కోసం వెతుకుతుంటాడు. యాదమ్మ ఫోను పెట్టెయ్యదు. "నీ కొడుకు బువ్వ తిని పన్నడేమో పెద్దయ్యా, ఫికర్ జేయకు" అని ఓదారుస్తుంది. పక్కనే నిలబడి విన్న ఇంటావిడ టిక్కెట్లు తలగడ కింద దాచేసి కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళుతుంది. మళ్ళీ ఫోను మోగుతుంది, ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి చెయ్యి చాస్తారు. అంతే, అక్కడితో ఆపేశారు.

"దీనికి నవ్వులు వద్దు" అన్నారు వకుళ గారు. ఒక్క నవ్వూ అతికించలేదు. ప్రసారమైన మర్నాడు చానల్ నుంచి ఫోను వచ్చింది. జనానికి ఎక్కడ నవ్వాలో తెలియలేదని, ఇది హాస్యమా ఏడుపా అని అడుగుతున్నారని. ఆవిడ గొంతు బాగా తగ్గింది. "నవ్వు నేను చెబితే రావాలాండీ" అన్నారు. అటునుంచి ఏమన్నారో నాకు వినబడలేదు. తర్వాతి నెలలో సీరియల్ ఆగిపోయింది. నాకు వేరేచోట పని దొరికేదాకా ఆవిడే నలుగురికీ చెప్పారు.

తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ చిన్నచిన్న డాక్యుమెంటరీలు తీస్తూ గడిపారు. నేను వారానికోసారి గన్‌ఫౌండ్రీ వెళ్ళి కూర్చునేదాన్ని. ఏ సభకు వెళ్ళినా ఎవరో ఒకరు వచ్చి "గ్యాస్ బండ మీరేనా మేడమ్" అని చేతులు పట్టుకునేవారు. ఆవిడ నవ్వేవారు గాని, ఆటో ఎక్కాక ముఖం వాడిపోయేది. "మర్నాడు పక్కవాడికి చెప్పుకోవడానికి వీలుగా ఉన్నదానికి పేరొస్తుంది, అమ్మాయ్. ఫోను ఎపిసోడ్ చెప్పి చూడు, ఏముంటుంది చెప్పడానికి? అది చూడాల్సిందే" అనేవారు. "మరి చూద్దాం మేడమ్, టేపు మీ బీరువాలనే ఉంది గద" అంటే మాట మార్చేసేవారు. ఒకసారి మాత్రం నిజం చెప్పారు. "ఇన్నేళ్ళూ అదే నా మంచి పని అనుకుంటూ బతికాను. తీసి చూస్తే అది కాకపోతే?"

కొన్నేళ్ళ క్రితం ఆ సీరియల్ అభిమానులు కొందరు ఫోన్లలో ఒక గుంపుగా చేరి, నాంపల్లిలో చిన్న హాలు తీసుకుని ఆవిడకు సన్మానం చేస్తామన్నారు. గ్యాస్ బండ ఎపిసోడ్ వెయ్యాలన్నారు. ఆవిడ ఫోను ఎపిసోడ్ కూడా వేస్తేనే వస్తానన్నారు. మాట ఇచ్చాక ఇంటికొచ్చి భయపడ్డారు. బీరువాలోంచి తీసిన రెండు టేపులకూ బూజు పట్టి ఉంది. కోఠీలో ఆ పాత టేపులు నడిపే మిషను ఒకచోట ఇంకా ఉందని తెలిసి తీసుకెళ్ళాం. దుకాణం ఆయన టేపుని వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి, "క్లీన్ చేసి చూస్తా, గ్యారంటీ మాత్రం ఇయ్యలేనమ్మా" అన్నాడు.

మర్నాడు వెళితే మొదట తెర మీద గీతలు తప్ప ఏమీ లేవు. వకుళ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు. గీతలు అలా అలా వెళ్ళి, గోడ గడియారం కనబడింది. కొత్త చొక్కాలో భర్త కనబడ్డాడు. ఆవిడ నా మోచెయ్యి వదిలారు. తర్వాత గ్యాస్ బండ టేపు పెట్టాడు. ఏదో తీగ సరిగా తగలక రెండో ట్రాకు పలకలేదు. నవ్వులు లేకుండా, మాటలు మాత్రం వస్తున్నాయి. యాదమ్మ బండ మీద కూర్చుంది. "గీ బండ మీది గాదు" అంది. ఏ నవ్వూ అడ్డం రాలేదు. నవ్వులు అతికించిన రోజు తర్వాత మొదటిసారి చివరి మాటదాకా పూర్తిగా విన్నాను. వకుళ గారు ఇంకెవరో రాసింది విన్నట్టు నా వైపు తిరిగారు.

"ఈ మాట బాగుంది కదే."

దుకాణం ఆయన తీగ సరిచేయబోతుంటే ఆవిడ ఆపారు. "ఉండనివ్వండి. కంప్యూటర్లోకి ఇలాగే ఎక్కించండి."

సన్మానం సాయంత్రం మా అమ్మను కూడా తీసుకెళ్ళాను. వకుళ గారు వేదిక మీద దండ వేయించుకుని, దిగి వచ్చి చివరి వరసలో మా ఇద్దరి మధ్య కూర్చున్నారు. ముందు ఫోను ఎపిసోడ్ వేశారు. కొద్ది నిమిషాలు హాలంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. ఎవరో కుర్చీ జరుపుకున్నారు. భర్త మొదటిసారి చొక్కా మార్చుకుని వచ్చినప్పుడు ఎవరూ కదలలేదు. మళ్ళీ వచ్చినప్పుడు ముందు వరసలో ఒకాయన కిసుక్కుమన్నాడు. ఆ పై సారికి హాలు హాలంతా నవ్వింది. ముసలాయన ఫోను వచ్చినప్పుడు మళ్ళీ అందరూ ఊరుకున్నారు. అది వేరే నిశ్శబ్దం. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆడవాళ్ళిద్దరూ ఫోను కోసం చెయ్యి చాచి బొమ్మ ఆగిపోగానే జనం నవ్వుతూనే చప్పట్లు కొట్టారు. ఎక్కడ నవ్వాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత గ్యాస్ బండ. జనానికి మాటలన్నీ కంఠతా వచ్చు, నటులతోపాటే అంటున్నారు. యాదమ్మ బండ మీద కూర్చోగానే మాత్రం అందరూ ఆగారు. "ఎవరింట్ల పొయ్యి ఆరిపోయిందో గాళ్ళది" అన్నాక, మాట పూర్తయ్యాక, అప్పుడు నవ్వారు. ఆ నవ్వు యాదమ్మ యాస మీద కాదు, కొట్లాడుకున్న నాలుగు వాటాల వాళ్ళ మీద. వకుళ గారు కూడా నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, నేను నీళ్ళ సీసా అందించాను.

బయటికి వస్తుంటే ఒక పెద్దాయన ఆపి, "మీ లెక్కలో ఏది బెస్టు మేడమ్?" అని అడిగాడు.

"ఇన్నేళ్ళూ తెలుసనుకున్నానండీ" అన్నారు ఆవిడ. "ఇప్పుడు తెలియడం లేదు. తెలియకపోతేనే హాయిగా ఉంది."

మా అమ్మ గేటు దాటాక వకుళ గారితో, "గామె ఫోన్ల పెద్దయ్యతోని మంచిగ మాట్లాడిందమ్మా. ఎవర్ని జూసి రాసిన్రు?" అంది. వకుళ గారు నావైపు చూసి, "మీ అమ్మాయి చెప్పిందమ్మా" అన్నారు. అమ్మకి అర్థం కాలేదు, అయినా తల ఊపింది. స్టేషను ముందు ఆటోల వాళ్ళు పిలుస్తున్నారు. వకుళ గారు ఏ ఆటో వైపూ చూడకుండా, "ఆకలేస్తోందమ్మాయ్, ఎక్కడైనా కూర్చుని ఇడ్లీ తిందాం" అన్నారు. సభ నుంచి వస్తూ ఆవిడ ముఖం వాడిపోకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూశాను. ఇడ్లీలు తిన్నాక ఇంకో ప్లేటు చెప్పి మా అమ్మతో గుడివాడ గురించీ, మెదక్ గురించీ చాలాసేపు మాట్లాడారు.

ఇప్పుడు నేనే ఒక ఎడిటింగ్ గదికి పెద్దని. నా దగ్గర పనిచేసే పిల్లలు ఏదైనా సీను తెచ్చి ఇది హిట్టనో, ఇది పోయిందనో గట్టిగా అంటుంటారు. వాళ్ళ మాటను అవుననను, కాదనను. ఎవరి మాట పూర్తి కాకుండా ఎక్కడ అడ్డం పడ్డామో వెతుకుతాను. మనం అతికించినవన్నీ కాసేపు తీసేయమంటాను. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, ఆ సీను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తాను. కొన్ని నిజంగానే బాగుండవు. కొన్ని మేము అనుకున్నదానికంటే బాగుంటాయి. రెండిట్లో ఏదైనా ఇప్పుడు నాకు భయం లేదు.