ఎర్ర చీటీ

నాకు పెట్టేనాటికే నా పేరు ఒకసారి వాడిన పేరు. నేను పుట్టడానికి రెండేళ్ల ముందు జ్వరంతో పోయిన మా అక్కది. అమ్మ దాన్ని నాకు పెట్టింది కానీ, ఏటా అక్క పోయిన రోజున మాత్రం వెనక్కి తీసేసుకునేది. గుంటూరులో మా పెరటి గుమ్మంలో నిలబడి, దీపాలవేళ ఆ పేరు మూడుసార్లు పిలిచేది. "నువ్వు పలక్కు. నిన్ను కాదు" అని ముందే చెప్పేది. నేను వంటింట్లో నోరు మూసుకుని కూర్చునేదాన్ని. భయం వేసేది. అంతకన్నా ఎక్కువగా ఒళ్లు మండేది.

రిటైరయ్యాక సిడ్నీలో ఒక మ్యూజియానికి గురువారాలు వాలంటీరుగా వెళ్తున్నాను. పురుగుల సొరుగులకు ఫొటోలు తీయడం నా పని. పోయిన నెల ఆఫ్రికా పట్టు చిమ్మెటల సొరుగు తెరిచాను. అరచెయ్యంత ఆకుపచ్చ రెక్కలు, వెనక రెండు పొడుగాటి తోకలు. దాని శాస్త్రీయ నామం తుమ్మజాతి చెట్టు పేరు మీద పెట్టింది. గొంగళిపురుగులు తినేదేమో ఎక్కువగా వేరే చెట్ల ఆకులు. "మరి పేరు మార్చరా?" అని అక్కడి పెద్దావిడను అడిగాను. ఒకసారి పెట్టాక అంతేనట. రెక్కలొచ్చాక దానికి తినడానికి నోరే ఉండదనీ, వారం బతికితే ఎక్కువనీ, చీకటిపడ్డాక ఆడది ఒకచోట వేలాడుతూ వాసనతో మగవాటిని పిలుస్తుందనీ చెప్పింది.

పక్క సొరుగులో ఒక పురుగును గుచ్చిన సూదికి ఎర్ర చీటీ ఉంది. ఒక జాతికి మొదట పేరు పెట్టినప్పుడు నమూనాగా ఎంచిన పురుగుకే ఆ చీటీ అట. పేరు అసలు ఆ చచ్చినదానిదేనట. బతికున్నవన్నీ దానితో పోల్చి చూడాల్సినవే.

"అది పాడైపోతే?"

"ఇంకోదాన్ని ఎంచి దాని స్థానంలో పెడతాం."

ఆ రోజు ఇక పని చేయలేక ఇంటికి వచ్చేశాను.

సిడ్నీ శివార్లలో, టూంగాబీలో మా ఇంట్లో ఇప్పుడు అమ్మ ఉంది, మునిమనవరాలిని చూడాలని వచ్చింది. మా అమ్మాయికి ఎనిమిదో నెల. ఆడపిల్లని తెలిసినప్పటి నుంచీ అమ్మది ఒకటే పాట. "నా పెద్దదాని పేరే పెట్టాలి. నీ తరవాత ఆ పేరు ఎవరు మోస్తారే?"

"వద్దమ్మా. దానికంటూ ఓ పేరుండనీ."

అమ్మాయికి అక్క సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. "నైస్ నేమ్ మమ్, వై నాట్?" అంటుంది.

నిన్న అక్క పోయిన రోజు. లైట్లు వేసేవేళకి అమ్మ వెనక తలుపు తీసి, బట్టలు ఆరేసే తీగల వైపు చూస్తూ పిలిచింది. అది ఎనభై అయిదేళ్ల గొంతు కాదు. చంటిపిల్ల తల్లి గొంతు.

"మమ్, అమ్మమ్మ ఈజ్ కాలింగ్ యూ" అంది సోఫాలోంచి మా అమ్మాయి. నేను అలవాటుగా నోరు మూసుకున్నాను.

అమ్మ రెండోసారి పిలిచింది.

అమ్మాయి పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "షీ కిక్‌డ్! అమ్మమ్మ పిలిచిన రెండుసార్లూ!"

అమ్మ ఇటు తిరిగింది. అంత వెలుగు ఆమె మొహంలో నేనెన్నడూ చూడలేదు, నా పెళ్లిలో కూడా. పొట్టనే చూస్తూ మూడోసారి పిలిచింది.

నేను పలకకపోతే ఇంకెవరు పలుకుతారో తెలిసిపోయింది.

"వస్తున్నానమ్మా" అన్నాను గట్టిగా. అక్క పోయిన రోజున ఆ పేరుకు పలకడం అరవై రెండేళ్లలో అదే మొదలు.

"నిన్ను కాదు" అంది అమ్మ.

"నన్నేనమ్మా" అన్నాను.