సాక్ష్యం చెప్పిన దవడ పన్ను

కర్నూలుకు రాజధాని రావడం వల్ల మా పల్లెకు కలిగిన మేలు ఒక్కటే. అది నా నోట్లో ఉండేది. కుడివైపు కింది దవడలో, చివరి దానికి ముందు పన్ను.

ఆ రోజుల్లో కర్నూలు నిండా గుడారాలు వేసి ఆఫీసులు పెట్టారు. మా బావ, అంటే మా ఆయనకు అన్న, అక్కడ వంటమనిషిగా కుదిరాడు. ఆఫీసర్ల వెంట మద్రాసు నుంచి ఒక పంటి డాక్టరు కూడా వచ్చి, గుడారాల పక్కన రేకుల గదిలో కుర్చీ వేసుకున్నాడు. ఆయనకు మధ్యాహ్నం క్యారియరు కట్టేది మా బావే. నేను పుప్పిపన్నుతో చెంప పట్టుకుని ఏడుస్తున్నానని తెలిసి, ఆ పరిచయం మీద నన్ను పిలిపించాడు. పత్తికొండ దాకా బండిలో, అక్కడి నుంచి బస్సులో పోయాం.

నేను పీకించుకోవడానికే పోయాను. డాక్టరు చిన్న అద్దం పెట్టి చూసి, పీకమని అడిగినందుకు నా మీద కోపం చేశాడు.

"పీకడం ఎవరైనా పీకుతారు. నేను నిలబెట్టేవాణ్ణి," అన్నాడు.

కుట్టు మిషన్ లాగా కాలితో తొక్కే మిషన్ ఒకటి ఉండేది ఆయన దగ్గర. దాంతో పన్నుకు బొక్క పెట్టాడు. మందు పెట్టి లోపల నరాన్ని చంపాడు. మళ్ళీ రమ్మని, చచ్చిన నరాన్ని సన్నని ముల్లు లాంటి దానితో బయటికి లాగి, వేర్ల దాకా కడిగి, పైన వెండి రంగు మసాలా కూరాడు. "నరం చచ్చిపోయింది. పన్ను మాత్రం కడదాకా ఉంటుంది," అని చేతులు కడుక్కున్నాడు. నొప్పి పోయింది. బస్సులో ఊరికి వస్తూ దారి పొడవునా స్తోత్రం చెప్పుకుంటూనే ఉన్నాను. డాక్టరు కోసం, మా బావ కోసం, ఆ క్యారియరు కోసం కూడా.

మా గుడిలో ఆదివారం ప్రసంగం అయ్యాక, మేలు పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. నేను అంతకు ముందు ఎప్పుడూ లేచింది లేదు. బడికి పోయినదాన్ని కాదు. మా నాయన కీర్తనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నేర్పిన నాలుగు అక్షరాలే నా చదువు. ఆ ఆదివారం మాత్రం కూర్చోలేకపోయాను. లేచి, ప్రభువు నా పన్నును నిలబెట్టాడు, నరం చచ్చినా పన్ను బతికింది, అని చెప్పి కూర్చున్నాను. అంతే చెప్పాను.

మా అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, సైకిలు మీద చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగే మనిషి. పాత మనిషి చావాలి, కొత్త బతుకు రావాలి అని ఏళ్ళ తరబడి చెబుతున్నా, ఎండలో కలుపు తీసి వచ్చిన జనం తలలూపి నిద్రపోయేవాళ్ళు. ఇప్పుడు ఆయనకు నా పన్ను దొరికింది. లోపల చచ్చింది, బయట నిలిచింది! పక్క పల్లెలో చెబితే జనం నిద్ర మానుకుని విన్నారట. ఆ పైవారం ఇంకో పల్లెలో చెప్పాడు. ఆ తర్వాత అన్ని పల్లెల్లోనూ చెప్పాడు.

విన్నవాళ్ళు ఊరుకుంటారా? చూడడానికి వచ్చారు. అయ్యగారు బ్యాటరీ లైటు తెచ్చేవాడు. "నోరు తెరువమ్మా," అనేవాడు. ముసలివాళ్ళు ఒకరి వెనక ఒకరు వంగి నా నోట్లోకి చూసి "ఆహా" అనేవాళ్ళు. రాను రాను ఆయన చొక్కా జేబులో వేయించిన శనగలు కూడా పెట్టుకుని తిరిగేవాడు. "కొరుకమ్మా, అందరూ వింటారు," అనేవాడు. నేను కొరికేదాన్ని. కటుక్కుమనేది. జనం స్తోత్రం అనేవాళ్ళు.

మా అత్త గడప మీద కూర్చుని ఇదంతా చూసేది. "గొడ్డును కొనేటోళ్ళు గూడా ఇంతగా పండ్లు చూడరు గదమ్మే," అనేది.

అప్పుడు కూడా నాకు విసుగు రాలేదు. నా నోటివల్ల నాలుగు ఊళ్ళ మనుషులు దేవుణ్ణి తలుచుకుంటున్నారు కదా, తెరిస్తే ఏం పోయింది అనుకున్నాను.

తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు పీకారు. రాజధానితో పాటు డాక్టరు పోయాడు, ఆయన కుర్చీ పోయింది, తొక్కుడు మిషను పోయింది. మా బావ మాత్రం ఊరికి తిరిగొచ్చాడు. ఆ మరుసటి ఏడు వానాకాలం చివర నా పన్ను మళ్ళీ నొప్పి పెట్టింది.

మొదట నేనే నమ్మలేదు. చచ్చిన నరం ఎలా నొస్తుంది? కాని సంగటి ముద్ద వేడిగా తగిలితే ప్రాణం పోయేది. చెంప వాచింది. గుడిలో కీర్తన ఎత్తుకుంటే నోరు సగమే తెరుచుకునేది. నాకు పాటంటే ప్రాణం. ఏదో ఒకటి చేసి నొప్పి లేని నోరు ఇవ్వు తండ్రీ, ఇంకేం అడగను అని ప్రార్థన చేసుకున్నాను. చేసుకుని ఇంట్లో చెప్పాను.

"నీ సాక్ష్యమే దాన్ని పాడు చేసినాది," అన్నాడు మా ఆయన. "ఊర్లోళ్ళ ముందర ఎన్ని శనగలు కొరికినావు! ఇనప పన్నయినా అరుగుతాది."

"డాక్టరు కాడికి తోలకపోదాం," అన్నాడు మా బావ. "మళ్ళా బొక్క పెట్టి, మళ్ళా కడుగుతాడు."

"ఆయప్ప హైదరాబాదులో ఉండాడు. హైదరాబాదులో యాడని ఎతుకుతావు?"

"రాజధాని యాడుంటే ఆడుంటాడు. బస్సు దిగి, రాజధాని పంటి డాక్టరు యాడప్పా అంటే ఎవురైనా చూపిస్తారు."

"హైదరాబాదంటే మన సంత అనుకున్నావా అన్నా?"

మా అత్తకు నోట్లో ఒక్క పన్ను లేదు. సంతలో పండ్లు పీకే సాయిబు ఒకాయన ఉండేవాడు, ఆమె పండ్లన్నీ ఆయన చేతిమీదే పోయాయి. "ఏందబ్బా ఈ పంచాయితీ," అంది. "సాయిబు కాడికి పోతే పటకారు పెట్టి లాగి పారేస్తాడు. నాకు పండ్లన్నీ పోయె, నేనేమన్నా పస్తుండానా? మీ కంటే రెండు ముద్దలు ఎక్కువే తింటాండా."

అది నిజమే. అందరం ఒప్పుకున్నాం. పీకించడమే అని ఖాయమైంది.

సంత రోజు మా ఆయన వెంట పోయాను. సాయిబు గోనెపట్ట పరిచి, పీకిన పండ్లన్నీ కుప్ప పోసి కూర్చున్నాడు. అదే ఆయనకు బోర్డు. నా నోట్లోకి చూసి, వెండి మసాలా కనిపించగానే పటకారు కింద పెట్టేశాడు.

"ఏ ఊరమ్మా మీది?"

ఊరు చెప్పాను.

"యా అల్లా! పాదిరయ్య చెప్పే పన్ను ఇదేనా?" అన్నాడు. "సైకిలు దిగి ఈ సంతలోనే చెప్పినాడమ్మా, నేను గూడా విన్యా. దేవుడు నిలబెట్టిన పన్నంట. నేను పీకితే నాకు గునా, పాపం తగలదా? నాకు పిల్లలుండారు తల్లీ."

"నొస్తాండాది సాయిబూ," అన్నాడు మా ఆయన.

"నొస్తాండొచ్చు. వేరే పన్ను ఏదన్నా ఉంటే చెప్పు, ఇప్పుడే పీకేస్తా."

వేరే పన్ను పీకించుకోకుండా ఇంటికొచ్చాం.

ఈ సంగతి అయ్యగారికి తెలిసి, సంఘపెద్దను వెంటబెట్టుకుని వచ్చాడు. సంఘపెద్ద గుడి లెక్కలు, గంట, చాపలు అన్నీ చూసుకునే ముసలాయన. ఇద్దరూ వంగి నా చెంప వాపు చూశారు.

"సచ్చిన నరం నొస్తాదా అయ్యగారూ?" అన్నాడు సంఘపెద్ద. "ఒగవేళ లేసిందేమో."

"ఆ మాట బైట అనొద్దు పెద్దాయనా," అన్నాడు అయ్యగారు కంగారుగా. "కోతపండగ దగ్గర పడింది. అన్ని ఊళ్ళ సంఘాలూ ఈమె పన్ను చూడను వస్తాండాయి."

"నాకు పీకించండి అయ్యగారూ," అన్నాను.

సంఘపెద్ద నావైపు జాలిగానే చూశాడు. "పన్ను నీదే తల్లీ, ఎవురూ కాదన్లేదు. సాక్ష్యం మాత్రం సంగానిది."

అయ్యగారు ఇక చేసేదేమీ లేక, ప్రార్థన చేస్తానని నా చెంప మీద చెయ్యి పెట్టాడు. నెమ్మదస్తుడు, కాని ప్రార్థనలో ఆవేశం వస్తే చెయ్యి బరువెక్కేది. పన్నును పేరు పెట్టి పిలిచినట్టు పిలుస్తూ గట్టిగా నొక్కాడు. లోపల ఏదో పటుక్కుమంది. నోటి నిండా చీము. నేను పెరట్లోకి పరిగెత్తి ఉమ్మి వచ్చేసరికి నొప్పి లేదు, చేత్తో తీసేసినట్టు పోయింది.

"పోయింది అయ్యగారూ!" అన్నాను.

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సంఘపెద్ద మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నాకూ నిజంగా సంతోషమే. ఆ చెయ్యి కోసం ఈనాటికీ స్తోత్రం చెప్పుకుంటాను. చిక్కల్లా ఏమిటంటే, ఇప్పుడా పన్నుకు రెండు సాక్ష్యాలయ్యాయి. ఇక దాన్ని పీకేవాడు పుట్టాల్సిందే.

కోతపండగ వచ్చింది. జనం సజ్జలు, జొన్నలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు తెచ్చి గుడి ముందు భాగంలో పెట్టారు. నేను వాటి పక్కన నిలబడ్డాను, నన్నూ ఎవరో అర్పణకు తెచ్చినట్టు. చెంపలో సన్నగా సలుపు మొదలై అప్పటికి కొన్నాళ్ళయింది. పొద్దున్నే అయ్యగారికి చెప్పాను కూడా. "ఇంత మంది నమ్మకంతో వచ్చినారమ్మా, ఆ నమ్మకమే తగ్గిస్తాది," అన్నాడు. ఆయన మాట కాదనలేక ఒప్పుకున్నాను. జేబులోంచి శనగ తీసి ఇచ్చాడు. కొరికాను.

నేను వేసిన కేకకు కాళ్ళు కట్టిన కోళ్ళన్నీ ఒక్కసారిగా ఎగిరాయి. ఒక పుంజు కట్టు తెంచుకుని బల్ల మీదికి ఎక్కింది. నేను గుమ్మడికాయల మధ్య కూర్చుండిపోయాను. ఎవరూ స్తోత్రం అనలేదు.

ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి మా అత్త గొంతు వినిపించింది. "ఇంగ పీకించండప్పా ఆ పన్ను. బిడ్డ సచ్చిపోతాది."

ఆ సాయంత్రం అయ్యగారు సైకిలు నడిపించుకుంటూ మా ఇంటికొచ్చాడు. చాప వేస్తే కూర్చోలేదు. మధ్యాహ్నం అన్నం తినలేదని ముఖమే చెబుతోంది.

"డాక్టరు ఏమన్నాడమ్మా సరిగ్గా?"

"కడదాకా ఉంటుందన్నాడయ్యా."

"ఎవరి కడదాకా అని చెప్పలేదు గదా?"

"లేదయ్యా."

"అయితే పన్నుకే కడ వచ్చింది," అన్నాడు. "సంతకు నేను గూడా వస్తా."

వచ్చాడు. ఈసారి సాయిబు పాదిరయ్యను చూసి లేచి నిలబడ్డాడు. బేరం మాట్లాడింది డబ్బు గురించి కాదు. "మీరు చెయ్యి పెట్టి దువా చేస్తాండండి. నేను పటకారు పెట్టి లాగుతా," అన్నాడు. "గునా ఉంటే చెరి సగం." అయ్యగారు ఒప్పుకుని గోనెపట్ట మీద మోకరించి రెండు చేతులా నా తల పట్టుకున్నాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు, సాయిబు కూడా మూసుకున్నాడు. "నువ్వు తెరువప్పా సాయిబూ!" అని మా ఆయన అరిచాడు. సంత సంతంతా మా చుట్టూ మూగింది. అప్పుడు పన్ను వచ్చేసింది.

సాయిబు దాన్ని నీళ్ళలో కడిగి అరచేతిలో పెట్టి చూపించాడు. పన్ను ఒక పక్క పగిలిపోయి ఉంది. డాక్టరు కూరిన మసాలా మాత్రం ఎక్కడా చెక్కు చెదరలేదు, కొత్త రూపాయిలా మెరుస్తూ ఉంది. అయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కోతపండగ తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూడడం అదే మొదలు.

"ఇది నేను ఉంచుకోవచ్చునా అమ్మా?"

చిన్నప్పుడు ఊడిన పన్నయితే పేడలో చుట్టి ఇంటి మీదికి విసిరేవాళ్ళం. దీన్నీ అలాగే విసరాలనుకున్నాను. కాని ఆ మనిషిని చూస్తే ఇవ్వకుండా ఉండలేకపోయాను. ఆయన అగ్గిపెట్టెలో దూది పరిచి దాన్ని పెట్టుకున్నాడు. పై ఆదివారం నేను నోరంతా తెరిచి కీర్తన పాడాను. ఎవరూ బ్యాటరీ లైటు వెయ్యలేదు. పన్ను అగ్గిపెట్టెలో ఉంటే నా నోటితో ఎవరికి పని?

కొన్నాళ్ళకు అయ్యగారిని కడప జిల్లాకు మార్చారు. సైకిలు, పెట్టె, పన్ను వెంట పోయాయి.

ఆ తర్వాత మా పక్కింటికి బద్వేలు దగ్గరి పల్లె నుంచి కొత్త కోడలు వచ్చింది. ఒకరోజు మా ఇంట్లో అన్నానికి కూర్చుని, వాళ్ళ ఊరి గుడి గురించి చెప్పుకొచ్చింది. వాళ్ళ అయ్యగారి దగ్గర అగ్గిపెట్టెలో ఒక పన్ను ఉందట. పండగ నాడు అందరికీ చూపిస్తాడట.

"ఎవురి పన్నంట?" అని అడిగింది మా అత్త, నావైపు చూడకుండా.

"ఎవురో కర్నూలు పక్క పుణ్యాత్మురాలంట అవ్వా. శానా బాధ పడినాదంట. సచ్చిపోయి శానా దినాలాయెనంట."

మా అత్త బోసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి.

"దేవుడు ఆమెను చల్లగా సూడని," అంది ఆ పిల్ల.

"ఆమెన్," అన్నాను నేను. ఆ పిల్లకు ఇంకో ముద్ద సంగటి పెట్టి, నేనూ ఒక ముద్ద తీసుకుని ఎడమ దవడన వేసుకున్నాను.